జాయింటు ఆరేదాకా

మా కొత్త స్నానాలగదిలో టైల్స్ మధ్య జాయింట్లు నింపి ఆవేళ్టికి మూడో రోజు. ఆ మూడు రోజులూ నేను భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె పట్టుకుని పక్కింటికి స్నానానికి పోతున్నాను. పక్కింటి రాంచీవాళ్ళు మంచివాళ్ళే. నేను రెండో చెంబు పోసుకునేసరికి వాళ్ళ పిల్లాడొచ్చి తలుపు తడతాడు, అంతే.

ఇంకో నాలుగు రోజుల్లో మా అమ్మ దిగుతుంది. విశాఖలో ఓడెక్కేసింది. ఓడలో మూడు రాత్రులు, దిగాక పోర్టుబ్లెయిర్‌లో ఒక రాత్రి. 2024లో ఆ ఊరు శ్రీవిజయపురం అయింది గానీ మా అమ్మ నోటికి ఆ పేరింకా పట్టలేదు. మర్నాడు తెల్లవారుజామున బస్సు పట్టుకుంటే ట్రంకు రోడ్డు మీద దాదాపు 240 కిలోమీటర్లు. జారవా తెగవాళ్ళ అడవి ముందు కాన్వాయ్ కోసం ఆగి, మిడిల్ స్ట్రెయిట్ దగ్గర పంటు దాటి, ఒళ్ళు హూనం చేసుకుని మాయాబందర్ చేరుతుంది. అంత దూరం వచ్చినావిడ చేతికి చెంబిచ్చి పక్కింటికి వెళ్ళమంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

మా ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్తుంది. టైల్స్ వేసింది వాళ్ళ మేనమామ. సోంపేట వైపు నుంచి కుర్రతనంలో ఓడెక్కి వచ్చి, ముప్ఫై అయిదేళ్ళుగా రంగత్ నుంచి డిగ్లీపూర్ దాకా తాపీపని చేస్తున్న మనిషి. 2011 జనాభా లెక్కల్లో ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదముగ్గురు మాతృభాష తెలుగని రాయించుకున్నారు. వాళ్ళలో తాపీ పట్టినవాళ్ళెందరో ఎవరూ లెక్క తియ్యలేదు గానీ, ఈ ఊళ్ళో నేనెక్కిన మేడమెట్లు సగం సోంపేట యాసలోనే కట్టారని నా అనుమానం.

బయట మే నెలాఖరు వాన. గది నాలుగడుగులకి ఆరడుగులు. ఇద్దరు వాదించుకోవడానికి సరిపోతుంది, మూడోవాడు పట్టడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. విన్నది రాస్తున్నాను, మధ్యమధ్య నాకు తోచింది కూడా.

మావ: ఏటే కోడలా, కిటికీలో ఆ సీసా ఏటి? మూత తీస్తే కిరసనాయిలు కంపు కొడతంది.

కోడలు: సీలర్, మావయ్యా. జాయింట్లకి పుయ్యడానికి. ఇవాళ పూసేస్తే రేపటికి ఆరుతుంది. అత్తయ్య వచ్చేసరికి గది సిద్ధం.

మావ: గోడకి రైన్‌కోటు తొడుగుతావన్నమాట. ముప్పై అయిదేళ్ళలో నాను కట్టిన బాత్రూములు ఏలు మడిచి లెక్కెట్టలేను. ఒక్కదానికీ సీసా పుయ్యనేదు. ఒక్క గోడా కూలనేదు.

కోడలు: కూలలేదు, నల్లబడ్డాయి. మా పాత ఇంట్లో టైలు తెల్లగా, చుట్టూ కాటుక దిద్దినట్టు ఉండేది. ప్రతి ఆదివారం పాత టూత్‌బ్రష్షు పట్టుకుని మోకాళ్ళ మీద కూచునేదాన్ని. ఆ వైట్ సిమెంటు నింపిన చెయ్యి నీదే.

మావ: నల్లబడింది నా సిమెంటు వల్లా, మీ కిటికీ వల్లా? కిటికీ మూసుకుంటారు, తడిబట్టలు లోపలే ఆరేస్తారు, సబ్బునురుగు గోడ మీద ఒగ్గేస్తారు. బూజుకి తిండీ నీడా మీరెట్టి, నా మీద పడతారేటి?

కోడలు: కిటికీ మాట ఒప్పుకుంటున్నాను. ఈసారి గాలి లాగే ఫ్యానుకి కన్నం పెట్టించాను కదా. కానీ సిమెంటు సంగతీ విను. నువ్వు కలిపిన నీళ్ళన్నీ సిమెంటుతో కలిసిపోవు. మిగిలినవి ఆవిరైపోతే వాటి చోట సన్నసన్నటి సందులు మిగులుతాయి. ఇడ్లీని సాంబారులో వేస్తే ఏమవుతుంది? ఈ జాయింటూ అంతే. నీళ్ళొక్కటే తాగదు, సబ్బు, నూనె, ఒంటి మురికి అన్నీ తాగుతుంది. తాగినదాన్ని బ్రష్షు బయటికి తియ్యలేదు. ఈ సీసాలోది ఆ సందుల్లోకి దిగి లోపలి గోడలకి పట్టేస్తుంది. అప్పుడు నీటిబొట్టు తామరాకు మీద నిలబడినట్టు నిలబడుతుంది.

మావ: ఇడ్లీ అన్నావు, బాగుంది. పిండి జారుగా కలిపితే ఇడ్లీ ఎలాగుంటాది? జాయింటు పొడిలో ఎన్ని నీల్లు పొయ్యాలో సంచి మీద రాసుంటాది. నాను సీసాతో కొలిచి పోస్తాను. కూలికుర్రాడేటి సేస్తాడు? పని మధ్యలో ముద్ద బిగుస్తంటే చెంబుడు నీల్లు కొట్టి మళ్ళీ తిప్పేస్తాడు. ఆ జాయింటు ఆరినాక గోరుతో గీకితే పొడి రాలతాది, ఒకచోట ముదురు రంగు, ఒకచోట లేత రంగు. దానికి నువ్వు సీసాలు కాదు, డ్రమ్ములు పోసినా అంతే. నీ గోడకి నాను ఒక్క చుక్క ఎక్కువ పొయ్యనేదు. మరి దీనికెందుకు మందు?

ఇక్కడ నాకు మావే గెలిచినట్టనిపించింది. గోడ మీద చెయ్యేసి చూశాను. మూడు మిల్లీమీటర్ల జాయింటు, ఎక్కడా గుంట లేదు, ఎక్కడా ఉబ్బు లేదు. టైలు అంచు నుంచి అంచుకి వేలు జారిపోతోంది. కానీ మా ఆవిడ ఒప్పుకునే రకం కాదు, పైగా ఆమె మాటలోనూ నిజముంది. ఎంత కొలిచి కలిపినా సిమెంటు జాయింటు నీళ్ళు పీల్చడం మానదు. పీల్చేది తగ్గుతుంది, అంతే.

అసలు తగువు దీని దగ్గర రాలేదు. టైల్స్ మీద పాలపొర దగ్గర వచ్చింది.

మేం కింద వేసినవి ముదురు బూడిదరంగు టైల్స్. గుజరాత్‌లోని మోర్బీలో కాలి, రైలెక్కి, ఓడెక్కి, లారీ ఎక్కి వచ్చాయి. వాటి మీద పల్చటి తెల్లపొర ఒకటి మిగిలిపోయింది. తడిగుడ్డ పెడితే మాయమవుతుంది, ఆరగానే మళ్ళీ మొహం చూపిస్తుంది. జాయింట్లు నింపిన రోజు స్పాంజితో తుడిచాక, రెండు గంటలాగి పొడిగుడ్డతో ఇంకోసారి తుడవాలి. ఆ రెండోసారి తుడిచే సమయానికి జోరున వాన పట్టి, కరెంటు పోయి, అందరం వరండాలో టీ తాగుతూ కూచున్నాం. ఆ తప్పు ముగ్గురిదీ.

మావ: దీనికి మందు నా దగ్గరుంది. బాత్రూం యాసిడ్ ఒక మూత, బకెట్టు నీల్లు. చీపురుతో అలా రాసి కడిగేస్తే టైలు అద్దంలాగుంటాది.

కోడలు: యాసిడ్ ఈ గుమ్మం దాటి లోపలికి రాదు.

మావ: ఈ దేశంలో టైల్స్ ఏసిన ప్రతి మేస్త్రీ అదే కొడతాడు.

కోడలు: అందుకే ఈ దేశంలో ప్రతి బాత్రూములోనూ జాయింట్లు గుంటలు పడ్డాయి. నువ్వు అద్దం చేసేది టైలుని. యాసిడ్ తినేది జాయింటుని. టైలు పైన గాజుపూత ఉంది, దానికేం కాదు. జాయింటు సిమెంటు, అంటే అందులో ఉన్నది సున్నం జాతి. ఉప్పుయాసిడ్ పడితే కరిగిపోతుంది. ఉండు, చూపిస్తాను.

మా ఆవిడ పెరట్లోకి వెళ్ళి, బాండీ అంచున గడ్డకట్టి మిగిలిన జాయింటు ముద్దని సుత్తితో కొట్టి, రూపాయి బిళ్ళంత రెండు ముక్కలు తెచ్చింది. పగిలిన టైలు మీద పక్కపక్కన పెట్టింది. ఒకదాని మీద మంచినీళ్ళు నాలుగు చుక్కలు. రెండోదాని మీద మావయ్య సంచిలోని యాసిడ్, నీళ్ళు కలపకుండా, నాలుగు చుక్కలు. రెండోది సన్నగా బుసబుసలాడింది. పసుపుపచ్చ నురుగు వచ్చి, మెల్లగా అణిగింది. అరగంట తర్వాత కడిగి నా చేతికిచ్చింది. మొదటి ముక్క గోరుకి లొంగలేదు. రెండోదాని మీద గోరు పెడితే సన్నటి ఇసక రేణువులు వేలికి అంటుకున్నాయి. వాటిని పట్టి ఉంచిన సిమెంటు పోయింది, ఇసక మిగిలింది. ముక్క మధ్యలో చుక్క పడినంత మేర చిన్న గుంట, మశూచి మచ్చలాగ.

మావ ఆ ముక్కని చాలాసేపు బొటనవేలితో రాస్తూ కూచున్నాడు.

మావ: నాను నీల్లు కలిపే కొడతాను గదే. ముందు జాయింట్లు బాగా తడిపేసి కొడతాను. తడిసున్న సందులోకి యాసిడ్ ఎల్లదు.

కోడలు: తడపడం మంచిదే. తక్కువ వెళ్తుంది, అసలు వెళ్ళకుండా ఉండదు. పైగా మూడు రోజుల జాయింటు ఇంకా పసిది. కొళాయిల మీది క్రోమియం మెరుగు కూడా ఆ పొగకే పోతుంది. మావయ్యా, ఇంకో మాట. ఈ యాసిడ్ కొట్టిన గదిలో ఎవరైనా బ్లీచింగ్ చల్లితే ఏం వస్తుందో తెలుసా? క్లోరిన్. 1915లో బెల్జియంలో ఈప్ర్ దగ్గర జర్మన్లు శత్రువుల కందకాల మీదికి వదిలింది ఆ గాలే. తలుపేసిన నాలుగడుగుల గదిలో, బూజు పోవాలని ఒకటి, మెరవాలని ఇంకొకటి కలిపేవాళ్ళున్నారు.

మావ: మరి ఈ పాలపొర పోవడం ఎలాగ? పలుకు.

కోడలు: ముందు గోరువెచ్చటి నీళ్ళు, గీతలు పెట్టని ప్లాస్టిక్ పీచు. చిన్న ముక్క మీద చూసుకుంటూ, ఓపిగ్గా. పోకపోతే సిమెంటు పొరకనే అమ్మే పలచటి సల్ఫామిక్ యాసిడ్ పొడి ఉంది. అదీ వారం పది రోజులాగి, జాయింట్లు తడిపి, టైలు మీద మాత్రమే, వెంటనే కడిగేస్తూ. రోజూ కడగడానికి మాత్రం పులుపూ కారం లేని సబ్బునీళ్ళు. వెనిగరు వద్దు, నిమ్మకాయ వద్దు, అత్తయ్య చింతపండు అసలే వద్దు.

చింతపండు ప్రస్తావన నాకు గుచ్చుకుంది. మా అమ్మ ఇత్తడి చెంబు నుంచి పొయ్యిగట్టు దాకా దేన్నైనా చింతపండుతోనే తోముతుంది. ఆవిడ దృష్టిలో చింతపండుకి లొంగనిది మురికి కాదు, రంగు.

పీచుతో నేనూ నాలుగు టైల్స్ రుద్దాను. పోయింది. చెయ్యి నొప్పి పుట్టింది గానీ పోయింది. యాసిడ్ సీసా తీసుకెళ్ళి మావయ్య సంచిలో పెట్టేశాడు. ఓడిపోయానని మాత్రం అనలేదు. రసమట్టం తీసి నేల మీద పెట్టాడు, బుడగ వైపు చూశాడు, మాట మార్చేశాడు.

మావ: సరే. నీ సీసా సంగతి. దాన్నిప్పుడు పూస్తే ఏటవుతాదో తెలుసా? నానొచ్చిన కొత్తలో ఈ ఊళ్ళో ఇసక ఎక్కడిదనుకున్నావు? సముద్రపొడ్డుది. బళ్ళకి బళ్ళు. నాలిక్కి తగిలిస్తే ఉప్పు. దాంతోనే గోడలు, దాంతోనే పూతలు, దాంతోనే టైలు కింద ముద్ద. ఆర్నెల్లు తిరిగేతలికి జాయింట్లంట తెల్లగా పొంగేది, పిండి రాలినట్టు. తుడిస్తే పోయేది, వానాకాలంలో మళ్ళీ వచ్చేది. లోపలున్న ఉప్పు నీల్లతో కలిసి బయటికి నడిచొస్తాది, నీల్లు ఆరిపోతాయి, ఉప్పు గోడ మీద కూచుంటాది. అప్పుడెవడో రంగత్‌లో ఒకింటికి ఇలాంటి సీసాయే తెచ్చి మెరుగుపూతలాగ పూసినాడు. ఉప్పు వచ్చింది, దారి నేదు. పూత కింద బుడగలు కట్టి, ఎండలో ఒళ్ళు ఊడినట్టు పొరలు పొరలుగా లేచిపోయింది. గోడ లోపలున్న తడికి బయటికి దారుండాల. నువ్వు తలుపేసేస్తే అది కిటికీ పగలగొట్టుకొస్తాది.

2002 మే నెలలో సుప్రీంకోర్టు ఈ దీవుల్లో ఒడ్డు ఇసక తవ్వకాన్ని ఏడాదికేడాదికీ తగ్గించుకుంటూ రమ్మని ఆదేశించింది. దాంతో ఇసక బంగారమైపోయిందని కాంట్రాక్టర్లు ఇప్పటికీ అంటారు. తాబేళ్ళు గుడ్లు పెట్టే కర్మతాంగ్ ఒడ్డున సాయంత్రం నడిచేవాడెవడూ ఆ మాట గట్టిగా అనలేడు. ఒడ్డు ఇసక తగ్గితే తాబేళ్ళతోపాటు మా జాయింట్లూ బాగుపడ్డాయని నా లెక్క.

కోడలు: నువ్వు చెప్పిన మెరుగుపూత వేరు, ఇది వేరు. అది పైన పొర కట్టేది, వార్నిష్ లాగ. తడి ఉన్న చోట దాన్ని నేనూ పుయ్యను. ఇది లోపలికి దిగేది. సందుని మూసెయ్యదు, నీటిచుక్కని రానివ్వదు గానీ ఆవిరిని పోనిస్తుంది. ఇక తెల్లపిండిలోనూ రెండు రకాలు. తడిగుడ్డతో తుడిస్తే కరిగిపోయేది ఉప్పు. ఎన్ని నీళ్ళు పోసినా కరగనిది సున్నం. సిమెంటులోని సున్నం నీళ్ళతో పైకొచ్చి, గాలిలోని బొగ్గుపులుసు గాలితో కలిసి సుద్దయి కూచుంటుంది. ఈ గోడ మీద రెండూ లేవు, పొద్దున్నే చూశాను.

మావ: ఇవాళ నేవు. లోపల తడి ఉందా నేదా?

కోడలు: మూడు రోజులైంది. సీసా మీద డెబ్భై రెండు గంటలని రాశారు.

మావ: ఆ సీసా మీద రాసినోడు మాయాబందర్ సూసినాడేటి?

దీనికి మా ఆవిడ దగ్గర జవాబు లేదు. ఏడాదికి మూడువేల మిల్లీమీటర్ల చొప్పున వాన కొట్టే దీవులివి. మే నుంచి డిసెంబరు దాకా మా బీరువాలో తోలుచెప్పులకే గడ్డాలు మొలుస్తాయి. సీసాల మీద రాసే గంటలు గాలి పొడిగా ఉండే చోటు లెక్క. సిమెంటు బిగియడానికి ఈ తేమ మంచిదే, బిగిసినంత మాత్రాన ఆరినట్టు కాదు. ఈ తేడా నాకు ఆవేళ తెలిసింది. కొన్ని కంపెనీలు ఇరవై ఎనిమిది రోజులాగమని రాయడం ఊరికే కాదు.

మావయ్య మాటలతో తేల్చలేదు. టైల్స్ పెట్టెకి చుట్టి వచ్చిన పాలిథిన్ జానెడు ముక్క కత్తిరించి, కింద జాయింటు మీద పరిచి, నాలుగు పక్కలా టేపు అంటించాడు.

మావ: రేపు పొద్దున్న దీని లోపల చెమట పట్టనేదనుకో, నానే బ్రష్షు పట్టుకుని పూస్తాను. పట్టిందనుకో, సీసా మూతెయ్యి. ఈ లోపల నీ మొగుడిని ఈ గదిలోనే స్నానం సెయ్యమను. జాయింటు బిగిసిపోయింది, నీల్లు పడితే ఏటీ అవదు. పక్కింటోళ్ళకి ఇబ్బందేల?

నా ప్రాణం లేచొచ్చింది. తువ్వాలు భుజం మీదే ఉంది. ఒక అడుగు లోపలికి వేశాను కూడా.

కోడలు: ఆగండి! రేపు సీలర్ పుయ్యాలంటే ఇవాళ సబ్బు పడకూడదు. ఒక్కసారి సబ్బూ కొబ్బరినూనే జాయింటులోకి దిగాయా, దాని మీద సీలర్ పూస్తే మురికిని లోపల పెట్టి తాళం వేసినట్టే. పైగా రోజూ తడుపుతూ ఉంటే ఎప్పటికి ఆరుతుంది?

అడుగు వెనక్కి తీసుకున్నాను.

మావ: అంటే సీసా లేకపోతే ఈపాటికి ఇంట్లో స్నానం. సీసా ఉంది గాబట్టి పక్కింట్లో స్నానం. బాగుందే నీ సైన్సు.

కోడలు: పది రోజుల స్నానం ముఖ్యమా, పదేళ్ళ జాయింటు ముఖ్యమా?

మావ: పదేళ్ళేటి? నీ సీసా ఏడాదో రెండేళ్ళో. తర్వాత మళ్ళీ పుయ్యాల. అందులో చిన్న అచ్చరాలతో రాసుంది, నానూ సదివినాను.

కోడలు: చుక్క వేసి చూసుకోవాలి. చుక్క ముత్యంలా నిలబడితే ఇంకా ఉన్నట్టు. జాయింటు ముదురురంగుకి తిరిగిందంటే తాగేస్తున్నట్టు, మళ్ళీ పుయ్యాలి. అంతమాత్రాన దండగేం కాదు. ఇంటికి సున్నం ఏడాదికోసారి వెయ్యమా? సరే, సీలర్ సంగతి రేపు. నీ పనిలో తప్పొకటి ఉంది, అది చెప్పు. మూలల్లో జాయింటు నింపడం మర్చిపోయావు. గోడా గోడా కలిసే చోట, గోడా నేలా కలిసే చోట, అన్నీ ఖాళీ. నేను పుయ్యబోయేది నీళ్ళు కిందికి దిగకూడదనే కదా, నువ్వు దారి వదిలేస్తే ఎలా?

మావయ్య నవ్వాడు. ఆ పూట మొదటిసారి.

మావ: మర్చిపోనేదే, ఒగ్గేసినాను. 2002 సెప్టెంబరు 14, తెల్లవారుజాము. నువ్వు పలకా బలపం పట్టుకుని తిరిగేదానివి. డిగ్లీపూర్ వైపు భూమి కదిలింది. ఆరున్నర అన్నారు పేపర్లో. నాను అంతకు ముందు నెలే ఒక బాత్రూము పూర్తి సేసి ఇచ్చినాను. పొద్దున్న ఎల్లి సూస్తే ఒక్క టైలు పగలనేదు, మూలలు మాత్రం నాలుగూ వెంట్రుకవాసి చీలిపోయినాయి, తాపీతో గీసినట్టు. రెండేళ్ళకి డిసెంబరు 26. మళ్ళీ అదే కథ. రెండు గోడలు రెండు అన్నదమ్ములు, ఎవడి కదలిక వాడిది. మధ్యలో సిమెంటు పోస్తే పగులుద్ది. అక్కడ సిలికాన్ పెట్టాల, రబ్బరులాగ సాగేది, బూజు పట్టని రకం. భూకంపం రాకపోయినా ఎండకి వానకి గోడ కదులుతూనే ఉంటాది.

కోడలు: మరి ఇంకా పెట్టలేదేం?

మావ: ఆ సందూ ఆరాల గదా. ఇంకో మాట కూడా ఇను. సిలికాన్ ముందు, నీ సీసా తర్వాత. నీ మందు అంటుకున్న చోట సిలికాన్ పట్టదు, ఊడొస్తాది. ఇవాళే నువ్వు కంగారుగా మూలల్లోకి కూడా పూసేసుంటే నాను తల పట్టుకునేవాణ్ణి.

మా ఆవిడ ఆ ఖాళీ మూలల వైపు కొత్తగా చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

కోడలు: అయితే సీలర్ పూసినా నీళ్ళు కిందికి దిగుతాయా?

మావ: జాయింటుని నమ్ముకుని ఇల్లు కట్టినోడు ఎవడూ నేడు. టైలు గోడకి చీర, ఒళ్ళు కాదు. నీల్లని ఆపేది టైలు కింద నాను రెండు పూతలు పూసిన నీటి అడ్డు. పూసినాక తూముకి గుడ్డ కుక్కి, రాత్రీ పగలూ నీల్లు నిలబెట్టినాను, నువ్వు స్కూలు కెల్లినావు. మర్నాడు కింద గోడ తడి నేదని సూసుకున్నాకే టైలు ఏసినాను. ఇక వాటం. అడుగుకి పావు అంగుళం, తూము వైపు. చెంబుడు నీల్లు పోస్తే ఎక్కడా ఆగకూడదు. నీల్లు నిలబడని నేల మీద పాచి పట్టదు. ఆ రెండూ సరిగ్గా నేకపోతే నీ సీసా దండగ, ఆ రెండూ ఉంటే...

కోడలు: ఉంటే?

మావ: ఉంటే... పూసుకో. నష్టం నేదు. మరక పట్టదు, తోముకోడం సులువు. అంతే దాని బతుకు.

ఇంతసేపటికి సీసాకి మావయ్య ఇచ్చిన విలువ ఇది. నాకు సరైన విలువే అనిపించింది. సీలర్ అమ్మేవాళ్ళు దాన్ని గొడుగులా అమ్ముతారు. అది గొడుగు కాదు, నూనె పట్టించిన తలలాంటిది, నీళ్ళు కాస్త జారిపోతాయి. అసలు ఈ బాధంతా లేకుండా ఎపాక్సీ గ్రౌట్ వేయించుకోవచ్చు కదా అని నేను మధ్యలో కల్పించుకున్నాను. రెండు డబ్బాలు కలిపి నింపేది, నీళ్ళు పీల్చదు, సీలరే అక్కర్లేదు. ఇద్దరూ నా వైపు తిరిగారు. ధర సిమెంటు పొడికి ఎన్నోరెట్లని మా ఆవిడ. టైలు మీద తుడవడం కాస్త ఆలస్యమైతే ఉలి పట్టుకోవాలి, ఆవేళ టీ తాగుతూ కూచున్నది మర్చిపోయావా అని మావయ్య. నేను మళ్ళీ గుమ్మంలోకి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే టేపు ఊడదీశారు. ముగ్గురం వంగి చూశాం. పాలిథిన్ లోపలివైపు ఆవగింజల్లాంటి చుక్కలు, ఒకదానికొకటి తగులుకుని రెండు మూడు చోట్ల కారుతున్నాయి. దాని కింద జాయింటు చుట్టుపక్కల జాయింటు కంటే ఒక ఛాయ ముదురుగా ఉంది.

మా ఆవిడ ఏమీ అనలేదు. సీసా మూత బిగించి, క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, రెండు వారాల అవతలి ఆదివారం చుట్టూ సున్నా చుట్టింది. రోజు విడిచి రోజు పాలిథిన్ అంటించి చూడాలని కింద రాసుకుంది. ఫ్యాను ఆపొద్దని నాకు చెప్పింది. మావయ్య ఆ మధ్య గురువారం చుట్టూ ఇంకో సున్నా చుట్టమన్నాడు, సిలికాన్‌కి.

మా అమ్మ అనుకున్న రోజునే దిగింది. బస్సు దిగి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోతూ కొత్త గది ముందు ఆగింది. గుమ్మానికి అడ్డంగా కొబ్బరితాడు కట్టి ఉంది. అక్కణ్ణించే లోపలికి తొంగి చూసింది. కిటికీ వెలుతురులో ఇంకా ఒక మూల నేల టైలు మీద పాలపొర చార కనిపిస్తోంది. అది నేను రుద్దడం మానేసిన టైలు.

"అదేవిట్రా తెల్లగా? నాలుగు కేజీల చింతపండు తెచ్చాను. పిడికెడు నానేసి తోమితే..."

"వొద్దు!"

మావా కోడలూ ఒక్క గొంతుతో అరిచారు. అమ్మ అదిరిపడి నా మొహం చూసింది.

మర్నాడు పొద్దున్న పక్కింటికి ఇద్దరం బయల్దేరాం. అమ్మ చేతిలో ఇత్తడి చెంబు, నా భుజాన రెండు తువ్వాళ్ళు.